ఒకే కాలమా, ఒకే బురదా? ఆస్ట్రకాడ్ శిలాజాలతో రెండు బోర్ల పొరలను జోడించడం గురించి

ప్రశ్న: నల్లబంకమట్టి

పెద్దలకు నమస్కారం. నేను భూగర్భశాస్త్రంలో ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు పనిగా నాకు రెండు బోర్ల నమూనాలు ఇచ్చారు. రెండూ జురాసిక్ కాలపు సముద్ర అవక్షేపాల్లోకి దించినవే. వాటి మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. మొదటి బోరు నుంచి ఎక్కడా తెగని కోర్, అంటే నిలువు రాతి కడ్డీ, దొరికింది. రెండో బోరు నుంచి మాత్రం డ్రిల్లింగ్ బురదతో పాటు పైకి వచ్చిన రాతి తునకలు, అంటే కటింగ్స్, ప్రతి 3 మీటర్లకు ఒక సంచి చొప్పున ఉన్నాయి. ఈ రెండింటిలో ఏ పొర ఏ పొరకు ఈడో తేల్చడం నా పని.

అందుకు ఆస్ట్రకాడ్లను వాడమన్నారు. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలైన ఈ జీవులు చాలావరకు అర మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. శరీరమంతా రెండు సున్నపు చిప్పల మధ్య ఇమిడి ఉంటుంది కనుక, జంతువు చనిపోయాక మెత్తని భాగాలు పోయినా చిప్పలు మట్టిలో నిలిచిపోతాయి. మూడు నెలలుగా వాటిని ఏరి, వేరు చేసి, లెక్కపెడుతున్నాను. వాటిలో ఒక జాతి నన్ను బాగా ఆకట్టుకుంది. దాని చిప్ప మీద చేపల వలలాంటి అల్లిక ఉంటుంది. పేరు ఇంకా ఖాయం కాలేదు కాబట్టి ప్రస్తుతానికి దాన్ని ‘వల జాతి’ అంటాను. మొదటి బోరులో అది కింద 212 మీటర్ల దగ్గర మొదలై, పైన 174 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండో బోరులో 178 దగ్గర మొదలై 151 దగ్గర ఆగిపోతుంది.

212ను 178తో, 174ను 151తో గీతలు గీసి కలిపేద్దామనుకున్నాను. కానీ ఒక సంగతి నన్ను ఆపింది. మొదటి బోరులో 212 దగ్గరే నల్లని బంకమట్టి అయిపోయి, సున్నం ఎక్కువగా ఉన్న లేత బూడిదరంగు మట్టిరాయి, అంటే మార్ల్, మొదలవుతుంది. రెండో బోరులోనూ, గామా లాగ్ (బోరు పొడవునా రాళ్ళ సహజ రేడియోధార్మికతను కొలిచిన నమోదు) ప్రకారం, మార్ల్ మొదలయ్యేది సుమారు 180 మీటర్ల దగ్గరే. ఆస్ట్రకాడ్లు సముద్రపు అడుగున బురదలో, బురద మీద బతికే జీవులని చదివాను. అలాంటప్పుడు ఈ జాతి నాకు చూపిస్తున్నది ఒక కాలాన్నా, లేక తనకు నచ్చిన బురదనా? ఒకే రకమైన బురద రెండు చోట్ల వేర్వేరు కాలాల్లో పేరుకుని ఉంటే, నేను గీసే గీత కాలరేఖ కాదు కదా. మా విభాగంలో ఒకరు ‘దగ్గరి బోర్లే కదా, కలిపేయండి’ అన్నారు. మరొకరు ‘అడుగున బతికే జీవులను నమ్మవద్దు’ అన్నారు. ఈ రెండు మాటల మధ్య నేను ఎక్కడ నిలబడాలో దయచేసి చెప్పండి.

జవాబు: స్తరరేఖ

మీ అనుమానం ఈ శాస్త్రానికి ఆయువుపట్టు లాంటిది. చాలామంది గీతలు గీసిన తర్వాత ఈ అనుమానానికి వస్తారు. మీరు ముందే వచ్చారు.

మొదట, ఆస్ట్రకాడ్లను ఎందుకు పట్టుకున్నారో చెబుతాను. ఆర్డోవిషియన్ యుగం నుంచి, అంటే దాదాపు 48 కోట్ల సంవత్సరాలుగా, ఈ వంశం తెగకుండా నడుస్తోంది. జురాసిక్ సముద్రపు పొరలకు ప్రామాణికమైన కొలబద్ద అమ్మోనైట్లే, అంటే చుట్టలు తిరిగిన గుల్లలతో ఉండి అంతరించిపోయిన సముద్రజీవులే. కానీ పిడికిలి వెడల్పు కూడా లేని కోర్‌లో పనికొచ్చే అమ్మోనైట్ తగలడం అదృష్టం. కటింగ్స్‌లో అయితే అది పొడి అయిపోయే ఉంటుంది. అదే బంకమట్టిని గుప్పెడు తీసుకుని కడిగితే ఆస్ట్రకాడ్ చిప్పలు వందల్లో దొరకవచ్చు. అందుకే చమురు అన్వేషణలో వీటికి అంత గిరాకీ వచ్చింది. వాయవ్య యూరప్‌లో జురాసిక్ పొరలకు ఆస్ట్రకాడ్ జోన్లను (ఫలానా జాతులను బట్టి విడదీసిన పొరల విభాగాలను) అమ్మోనైట్ జోన్ల పక్కనే నిలబెట్టి సరిచూసి పెట్టారు కూడా. ఆస్ట్రకాడ్ల మీద ఉన్న నమ్మకంలో పెద్ద భాగం ఆ సరిచూపు వల్ల వచ్చిందేనన్న సంగతి మరిచిపోకూడదు.

ఇక మీ అసలు ప్రశ్న. జురాసిక్ నుంచి నేటి వరకు సముద్రపు పొరల్లో శిలాజాలుగా దొరికే ఆస్ట్రకాడ్లలో దాదాపు అన్నీ అడుగున బతికినవే. పీతల పిల్లల్లాగా వీటి పిల్లలు ప్రవాహాల్లో కొట్టుకుపోయే దశ ఏదీ గడపవు. గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పటికే చిన్న చిప్పల జత వాటికి ఉంటుంది. కాబట్టి ఒక జాతి విస్తరించాలంటే తరతరాలుగా అడుగునే పాకుతూ పోవాలి. లోతైన సముద్రం అడ్డం వస్తే ఆగిపోతుంది. అందువల్ల ఖండాల మధ్య పోలికకు ఇవి అమ్మోనైట్లంత పనికిరావు. ఒకే బేసిన్ (అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతం) లోపల మాత్రం బాగా పనికొస్తాయి. మీ 40 కిలోమీటర్లు భౌగోళిక కాలమానంలో దూరమే కాదు. ఒక జాతికి అడ్డు లేకపోతే అంత దూరం పాకడానికి పట్టే కాలాన్ని మనం కొలవను కూడా కొలవలేము. ‘దగ్గరి బోర్లే కదా’ అన్నవారు ఈ మేరకు సరిగ్గానే చెప్పారు.

అయితే అడ్డు ఉంటుంది, ఆ అడ్డు పేరే బురద. సముద్రమట్టం పెరుగుతూనో తగ్గుతూనో ఉన్నప్పుడు మార్ల్ పేరుకునే పట్టీ అడుగు వెంట నెమ్మదిగా జరుగుతుంది. దాన్ని ఇష్టపడే జాతి దాని వెంటే జరుగుతుంది. అప్పుడు ఆ జాతి ‘మొదటి కనిపింపు’ ఒక బోరులో ముందు, మరొక బోరులో వెనక అవుతుంది. రాయి మారిన చోటే జాతి మొదలైతే ఆ మొదలును కాలానికి గుర్తుగా తీసుకోవద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. మీ 212 మీదా 178 మీదా నాకు నమ్మకం లేదు.

నమ్మదగిన చోట్లు వేరే ఉన్నాయి. అదే రాయి మళ్ళీ వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. మార్ల్ ఒకసారి ఆగి, పైన మరోసారి మొదలైందనుకుందాం. ఆ రెండో మార్ల్‌లోనూ వల జాతి ఉంటే అది బురదను వెంబడించిన జాతి. అన్నీ అనుకూలంగా ఉన్నా అది తిరిగి రాకపోతే, ఆ ప్రాంతం నుంచి అది నిజంగానే తుడిచిపెట్టుకుపోయిందని అర్థం. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. తొలి జురాసిక్‌లో వాయవ్య యూరప్ బంకమట్టుల నిండా ఓగ్మొకాంకా, ఓగ్మొకాంకెల్లా అనే నున్నని, గుండ్రటి చిప్పల ప్రజాతులు కుప్పలుగా ఉంటాయి. సుమారు 18.3 కోట్ల సంవత్సరాల క్రితం, జురాసిక్‌లోని టోఆర్షియన్ అనే దశ తొలి భాగంలో, సముద్రపు అడుగున ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన ఘట్టంలో అవి మాయమయ్యాయి. ఆ తర్వాత అక్కడ అలాంటి బంకమట్టి ఎన్నిసార్లు పేరుకున్నా అవి రాలేదు. ఆ చోటును సైథెరాయిడ్ వర్గపు ప్రజాతులు ఆక్రమించుకున్నాయి. ఇలా కనిపించకుండా పోవడాన్ని బురద మీదకు నెట్టలేము.

రాయి మారకుండా జాతి మారిన చోటు కూడా అంతే విలువైనది. ఒకే మార్ల్ లోపల వల అల్లిక క్రమంగా మారుతూ పోతుంటే, ఒక రూపం పోయి దాని వారసురాలు వస్తుంటే, అక్కడ గీత గీయడానికి నేను వెనకాడను. మీ నమూనాల్లో అలాంటిది ఉందేమో వెతికారా?

ఎదురు ఉదాహరణ కూడా తెలుసుకోండి. డెవోనియన్ నుంచి ట్రయాసిక్ వరకు (సుమారు 42 కోట్ల నుంచి 20 కోట్ల సంవత్సరాల క్రితం వరకు) కొన్ని పొరల్లో పలుచని చిప్పలూ పొడవాటి ముళ్ళూ ఉన్న ఒక సముదాయం కనిపిస్తుంది. దాన్ని ‘థురింజియన్ రకం’ అంటారు. నిశ్చలమైన, లోతైన చోట్లకు అలవాటుపడిన ఈ సముదాయం పై చూపుకు కోట్ల సంవత్సరాల పాటు దాదాపు ఒకేలా ఉంటుంది. ముళ్ళను చూసి ఈడు కట్టేవారు ఇక్కడ చాలా ఘోరంగా పొరబడతారు. సముదాయం మొత్తం రూపురేఖలు పరిసరాల గురించి చెబుతాయి; కాలం తెలియాలంటే జాతి స్థాయికి దిగాలి.

చివరిగా ఒక మాట. ఆస్ట్రకాడ్లు మీకు సంవత్సరాలు చెప్పవు, ఏది ముందో ఏది వెనకో చెబుతాయి. నేను పైన రాసిన 18.3 కోట్ల లాంటి అంకెలు అగ్నిపర్వతపు బూడిద పొరల్లోని జిర్కాన్ స్ఫటికాలలో యురేనియం సీసంగా మారిన నిష్పత్తిని కొలవడం లాంటి పద్ధతుల నుంచి వస్తాయి. శిలాజ జోన్లు ఆ అంకెలను బూడిద లేని పొరల దాకా మోసుకొస్తాయి.

జవాబు: సన్నకుంచె

స్తరరేఖ గారు సూత్రం చెప్పారు. నేను పాతికేళ్ళుగా జల్లెడ, కుంచె పట్టుకున్న మనిషిని కాబట్టి బల్ల దగ్గర జరిగే పొరపాట్ల గురించి చెబుతాను. పొరల జోడింపులో తప్పులు చాలావరకు అక్కడే పుడతాయి.

మీ రెండో బోరు కటింగ్స్ కనుక ఒక నియమం పాటించండి. డ్రిల్ కిందికి వెళుతున్నప్పుడు పైపొరల గోడలు రాలి కింది తునకల్లో కలుస్తాయి. అందువల్ల ఒక జాతి కింది హద్దు కటింగ్స్‌లో ఉన్నదానికంటే లోతుగా కనిపించవచ్చు. పై హద్దు అలా మోసం చేయదు, ఎందుకంటే కింది పొరలు పైకి రాలవు. (పాత శిలాజాలు కోతకు గురై కొత్త పొరల్లో చేరిన సందర్భాలు వేరు, అలాంటి చిప్పల మీద అరుగుదల, రంగు తేడా సాధారణంగా కనిపిస్తాయి.) కటింగ్స్‌తో పని చేసేవారు పైనుంచి కిందికి చదువుతూ ‘ఇక్కడ మొదటిసారి తగిలింది’ అని రాసుకోవడం ఇందుకే. ఇంకొకటి గమనించండి. మీ 178లో మోసం ఉన్నా అది ఒక దిక్కుకే ఉంటుంది. నిజమైన కింది హద్దు 178 దగ్గరైనా ఉండాలి, దానికి పైనైనా ఉండాలి. అంతకంటే లోతున ఉండే అవకాశం తక్కువ.

లెక్కపెట్టేటప్పుడు పిల్లలనూ పెద్దలనూ వేరు చేస్తున్నారా? ఆస్ట్రకాడ్ కుబుసం విడుస్తూ పెరుగుతుంది. మీ జురాసిక్ జాతుల వర్గంలో సాధారణంగా ఎనిమిదిసార్లు విడిచి తొమ్మిదో దశలో పెద్దదవుతుంది. విడిచిన ప్రతిసారీ రెండు చిప్పలు. లెక్క ప్రకారం ఒక్క జంతువు 18 చిప్పలు వదలగలదు. చిన్న పిల్లల చిప్పలు మరీ పలుచన కాబట్టి అన్నీ నిలవవు, కానీ ‘ఈ నమూనాలో 18 ఉన్నాయి’ అన్న మాటకు అర్థం ఎంత మారిపోతుందో చూడండి. పిల్లల చిప్పల మీద అల్లిక పూర్తిగా ఏర్పడి ఉండదు, రెండు చిప్పలను కలిపే కీలు సరళంగా ఉంటుంది. వాటిని మరో జాతిగా లెక్కిస్తే లేని పరిణామం ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా, పెద్దవీ చిన్నవీ అన్ని దశలూ కలిసి ఉంటే అవి అక్కడే బతికి చచ్చాయని నమ్మవచ్చు. ఒకే పరిమాణంలో ఉన్నవి మాత్రమే ఉంటే ప్రవాహం ఏరి తెచ్చి పోసిందని అనుమానించాలి.

ఆడ, మగ తేడాలు కూడా గుర్తుంచుకోండి. సైథెరాయిడ్లలో చాలా జాతుల మగవి సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఆడవి పొట్టిగా ఉంటాయి. ఒకే జాతిలోని ఆడ, మగ చిప్పలకు వేర్వేరు జాతుల పేర్లు పెట్టిన సందర్భాలు ఈ శాస్త్ర చరిత్రలో ఉన్నాయి. సైలూరియన్ కాలపు బైరికిడ్లు అనే ఆస్ట్రకాడ్లలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది: ఆడదాని చిప్ప ముందు భాగం కింద గుడ్లు పొదిగే సంచి బుడగలా ఉబ్బి ఉంటుంది. మైక్రోస్కోపు కింద మొదటిసారి ఆ ఉబ్బును చూసినప్పుడు, 42 కోట్ల సంవత్సరాల నాటి ఒక తల్లి గుర్తు నా కుంచె మొన మీద ఉందన్న తలంపుతో చాలాసేపు ఆ స్లయిడు తీయలేకపోయాను. ఆ బైరికిడ్ల మీద ఆండర్స్ మార్టిన్సన్ 1962లో ప్రచురించిన గాట్లాండ్ (స్వీడన్‌లోని ద్వీపం) అధ్యయనం బాల్టిక్ ప్రాంతపు సైలూరియన్ పొరలను జోడించడానికి గట్టి పునాది వేసింది. ఉత్తర జర్మనీ మైదానంలో మంచు మోసుకొచ్చి పడేసిన సున్నపురాతి గుండ్లకు కూడా, ఏ పొర నుంచి వచ్చాయో తెలియకపోయినా, వాటిలోని బైరికిడ్లను బట్టే ఈడు కడతారు.

చిప్పను బయటి వైపు మాత్రమే చూసి వదిలేయకండి. తిప్పి లోపలి వైపు చూడండి. సైథెరాయిడ్ అయితే మధ్య భాగంలో నాలుగు కండరపు మచ్చలు నిలువు వరుసలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. సైథెరెల్లా లాంటి ప్లాటికోపిడ్ అయితే ఈకలాగా రెండు వరుసలుగా ఉంటాయి. పై అంచున కీలు పళ్ళు, గుంటలు ఎలా అమరి ఉన్నాయో గీసుకోండి. వల అల్లిక పరిసరాలను బట్టి కొంత మారగలదు; కీలు, కండరపు మచ్చలు అంత సులభంగా మారవు.

కడగడం గురించి ఒక్క హెచ్చరిక. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నమూనాను రాత్రంతా వదిలేయకండి. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం), సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న నల్ల బంకమట్టిలో ఆమ్లం పుట్టి సున్నపు చిప్పలను తినేస్తుంది. నేను చదువుకునే రోజుల్లో పదకొండు నమూనాలను అలా పోగొట్టుకున్నాను. ఇంకా దారుణం ఏమిటంటే, ‘ఈ పొరల్లో ఆస్ట్రకాడ్లు లేవు’ అని నా నోట్సులో రాసుకున్నాను కూడా. మిగిలిన మట్టిని ఏడాది తర్వాత వాషింగ్ సోడా కలిపిన నీళ్ళలో నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ మీద కడిగితే చిప్పలు బయటపడ్డాయి. మీ నల్ల మట్టిలో వల జాతి లేదని చెప్పేముందు, దాన్ని ఎలా కడిగారో ఒకసారి గుర్తుచేసుకోండి.

జవాబు: పాతసముద్రం

స్తరరేఖ గారి జవాబులో దాదాపు అంతటితో ఏకీభవిస్తాను. కానీ ఖండాల మధ్య పోలికకు ఆస్ట్రకాడ్లు అంతగా పనికిరావన్న మాటను జురాసిక్, ఆ తర్వాతి పొరలకే పరిమితం చేయమని కోరుతున్నాను. నా పని పేలియోజోయిక్ పొరల్లో, అంటే ట్రయాసిక్, జురాసిక్‌ల కంటే పాతవాటిలో. అక్కడి కథ వేరు.

సైలూరియన్ చివరి భాగంలో మయోడోకోప్ వర్గపు ఆస్ట్రకాడ్లు కొన్ని అడుగు విడిచి నీటి మధ్యలోకి ఈదడం నేర్చాయన్న వాదనకు మంచి ఆధారాలున్నాయి. డెవోనియన్‌లో ఎంటోమోజోయిడ్లు అని పిలిచే పలుచని చిప్పల గుంపు వస్తుంది. వాటి మీద వేలిముద్రల్లాంటి సన్నని గీతలు వంపులు తిరుగుతూ ఉంటాయి. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్టే ఆ గీతలు ఎటు తిరిగాయో, ఏ బిందువు చుట్టూ మూసుకున్నాయో చూసి జాతిని గుర్తిస్తారు. మిగతా శిలాజాలు అరుదైన నల్లని షేల్ రాళ్ళలో ఇవి పరుపులు పరుపులుగా పడి ఉంటాయి. జర్మనీలోని రైన్ ప్రాంతపు పొరల మీద రాబియన్ 1954లో చేసిన పని దగ్గర నుంచి ఎగువ డెవోనియన్‌కు వీటితో జోన్లు కట్టారు. గోనియటైట్లతోనూ (అమ్మోనైట్ల పాత చుట్టాలు) కోనోడాంట్లతోనూ (పళ్ళలాంటి సూక్ష్మ శిలాజాలు) వాటిని సరిచూశారు. ఇవే రూపాలు యూరప్‌లోనే కాక ఉత్తర ఆఫ్రికాలోనూ చైనాలోనూ దొరుకుతాయి. ఇవి నిజంగా నీటి మధ్యలో ఈదాయా, లేక ఆక్సిజన్ తక్కువైన అడుగుకు దగ్గరగా తిరిగాయా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. అయినా ఇవి చాలా దూరం వ్యాపించాయన్నది మాత్రం పొరల్లోనే కనబడుతోంది.

అడుగున బతికేవి ఒక ప్రాంతానికే పరిమితం కావడం లోపం మాత్రమే కాదు. ఆర్డోవిషియన్‌లో ఉత్తర అమెరికాకూ ఉత్తర యూరప్‌కూ మధ్య ఇయాపెటస్ అనే సముద్రం ఉండేది. తొలుత రెండు ఒడ్డుల ఆస్ట్రకాడ్లు వేర్వేరు. ఆ యుగం చివరి భాగానికి వచ్చేసరికి రెండు వైపులా ఒకే ప్రజాతులు పెరుగుతూ వచ్చాయి. సముద్రం ఇరుకైన కొద్దీ పాకే జీవులు దాటగలిగాయి. ప్రవాహాల్లో కొట్టుకుపోయే లార్వా దశ లేకపోవడం వల్లనే వీటి సాక్ష్యానికి ఇక్కడ అంత బరువు వచ్చింది.

చిప్పను మాత్రమే చూసి వర్గం నిర్ణయించడంలో ఉన్న ప్రమాదం గురించి కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో సుమారు 42.5 కోట్ల సంవత్సరాల నాటి అగ్నిపర్వతపు బూడిదలో, గట్టి గుండ్ల లోపల, కాళ్ళూ మొప్పలూ సహా ఆస్ట్రకాడ్లు భద్రపడ్డాయి. గుండును పొర తర్వాత పొర అరగదీస్తూ, ప్రతి పొరనూ ఫొటో తీసి, కంప్యూటరులో జంతువును తిరిగి నిర్మించారు. కోలింబోసాథాన్ ఎక్‌ప్లెక్టికోస్ అనే జాతిని 2003లో అలాగే వర్ణించారు. అక్కడే దొరికిన మరో జాతిని మెత్తని భాగాలు లేకుండా చూసి ఉంటే వేరే వర్గంలో చేర్చేవారు. అయితే పొరలను జోడించే పనికి ఇది దెబ్బ కాదు. చిప్పను ప్రతిచోటా ఒకేలా గుర్తుపట్టగలిగితే చాలు, దాని వంశం గురించి తగవు నడుస్తున్నా గీత గీయవచ్చు.

ఇక మీ బోర్లకు పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది. 1964లో అలన్ షా ప్రచారంలోకి తెచ్చిన గ్రాఫ్ పద్ధతి అది. ఒక అక్షం మీద మొదటి బోరు లోతులు, మరో అక్షం మీద రెండో బోరు లోతులు వేయండి. ఒక్క జాతితో సరిపెట్టకుండా మీకు నమ్మకమున్న ప్రతి హద్దునూ ఒక చుక్కగా పెట్టండి. నిజంగా సమకాలికమైనవి ఒక గీత మీద పడతాయి. ఆ గీతకు దూరంగా పడిన చుక్క వలస వచ్చిన జాతిదో, రాలిన శిలాజానిదో, సరిగ్గా కడగని నమూనాదో అయి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: నల్లబంకమట్టి

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే మీరు చెప్పినవన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశాను.

నల్ల మట్టి నమూనాలను పెరాక్సైడ్ లేకుండా తిరిగి కడిగాను. మొదటి బోరులో 212 కింద వల జాతి అప్పుడూ లేదు, కానీ మరో నున్నని జాతి పెద్దవీ పిల్లలూ కలిసి దొరికింది. అది నల్ల మట్టి లోపలే, రాయి మారకముందే, 219 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండో బోరులో దాని పై హద్దు 193 సంచిలో ఉంది. అక్కడ కూడా నల్ల మట్టే.

స్తరరేఖ గారు అడిగిన మార్పు కూడా ఉంది, నేనే చూడలేదు. పెద్దవాటిని మాత్రమే విడదీసి వరుసగా పెట్టినప్పుడు తెలిసింది. కింది నమూనాల్లో వల అల్లిక చిప్ప వెనక సగంలోనే ఉంటుంది, ముందు సగం నున్నగా ఉంటుంది. పైకి పోయే కొద్దీ వల ముందుకు పాకి చిప్పంతా కమ్ముకుంటుంది. కీలు, కండరపు మచ్చలు రెండు రూపాల్లోనూ ఒకటే. సగం వల రూపం చివరిగా కనిపించేది మొదటి బోరులో 193 దగ్గర, రెండో బోరులో 169 సంచిలో. రెండు చోట్లా అది మార్ల్ మధ్యలోనే.

పై హద్దు సంగతి: మొదటి బోరులో మార్ల్ 170 దాకా సాగుతుంది, వల జాతి మాత్రం 174కే ఆగిపోతుంది. కొంత నల్ల మట్టి తర్వాత 163 దగ్గర అదే మార్ల్ మళ్ళీ వస్తుంది. అందులో నాలుగు నమూనాలు కడిగాను. మిగతా జాతులు దండిగా ఉన్నాయి, వల జాతి చిప్ప ఒక్కటి కూడా లేదు. రెండో బోరులో పై మార్ల్‌కు చెందిన 139, 136 సంచుల్లోనూ లేదు.

గ్రాఫ్ వేశాను. 219కి 193, 193కి 169, 174కి 151: ఈ మూడు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద పడ్డాయి. 212కి 178 మాత్రం పక్కకు తొలగింది. గీత ప్రకారం మొదటి బోరు 212కి ఈడైన లోతు రెండో బోరులో సుమారు 187. ఆ లోతున అక్కడ ఇంకా నల్ల మట్టే పేరుకుంటోంది. నాకు అర్థమైనంతవరకు మార్ల్ మొదటి బోరు దగ్గర ముందు మొదలైంది, వల జాతి రెండో బోరు దగ్గరికి ఆలస్యంగా చేరింది. ఈ వివరణ సరైనదేనా?

జవాబు: స్తరరేఖ

సరైనదే. గ్రాఫు మీద మీ చుక్క ఎటు తొలగిందో కూడా గమనించండి. సన్నకుంచె గారు చెప్పినట్టు కటింగ్స్‌లో రాలిన చిప్పలు కింది హద్దును లోతుకే నెడతాయి. రాలుడు వల్ల తప్పు వచ్చి ఉంటే మీ చుక్క 187 కంటే కిందికి పోవాలి. మీది 9 మీటర్లు పైకి వచ్చింది. మూడు సంచుల తేడా కనుక నమూనాల ఎడం వల్ల వచ్చిందని కూడా అనలేము. అక్కడ అవక్షేపం నెమ్మదిగా పేరుకుందేమోనన్న సందేహాన్ని మీ 219–193 చుక్క తీర్చేసింది. ఆ చుక్క లేకపోతే నేను ఒప్పుకునేవాడిని కాదు.

చిత్రంలో మూడు కాలరేఖలను నిండు గీతలుగా గీయండి. 212 నుంచి 180 దాకా మార్ల్ అడుగును చుక్కల గీతగా గీసి, అది రాతి హద్దే కానీ కాలరేఖ కాదని పక్కన రాయండి. రెండో బోరు లోతులన్నింటికీ 3 మీటర్ల అనిశ్చితిని తప్పకుండా చూపించండి. సగం వల రూపాన్నీ నిండు వల రూపాన్నీ ఒకదాని పక్కన ఒకటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫొటో తీయించండి. ఆడ చిప్పను ఆడ చిప్పతో, కుడి చిప్పను కుడి చిప్పతో మాత్రమే పోల్చండి. పేరు ఖాయం చేసేవారు మొదట అడిగేది ఆ ఫొటోలనే.